నా చేతుల్లో లేదు తమ్ముడూ

మా ఊరికి సినిమావాళ్ళు వచ్చిన ఏడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటి దగ్గర ఉన్నాను. తునికాకు సీజను. ఏటా పొద్దున్నే అమ్మతో అడవికి పోయి ఆకు కోసి, మధ్యాహ్నం చెట్టు నీడన కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెప్పేవాణ్ణి. ఆ ఏడు ఆకుకు పోలేదు. సినిమా మేనేజరు రోజుకు 300 రూపాయలు, మధ్యాహ్నం భోజనం అన్నాడు. పని కూడా కష్టమైనదేం కాదు. యూనిట్‌కు కావలసిన మనుషుల్ని పిలుచుకురావాలి. వాళ్ళ తెలుగును మా ముసలివాళ్ళకు కోయలో చెప్పాలి, మావాళ్ళ కోయను వాళ్ళకు తెలుగులో చెప్పాలి. అమ్మ ఏమీ అనలేదు. ఒక్కతే అడవికి పోయింది.

మొదటిరోజు నా కళ్ళు పడ్డది కుర్చీ మీద. శబరి ఒడ్డున ఇసుకలో వేశారు. గుడ్డ కుర్చీ, వీపు వైపు ఇంగ్లీషు అక్షరాల్లో డైరెక్టర్ అని రాసి ఉంది. మా ఊళ్ళో పటేలు కూర్చునే నులకమంచం మీదికి కూడా పిల్లలు ఎక్కి దూకుతారు. ఆ కుర్చీ మీద చెయ్యి వేయడానికి మాత్రం పెద్దవాళ్ళే జంకారు. దాంట్లో కూర్చునే మనిషి ఎంత చెబితే అంత, ఆయన ఎండ కావాలంటే ఎండ, వాన కావాలంటే వాన అనుకున్నాను.

సాయంత్రానికి ఆ నమ్మకం సగం పోయింది. ఆరోజు తీయవలసింది చిన్న ముక్క. ఇద్దరు మనుషులు ఏరు దాటి పరిగెత్తాలి. మబ్బు పట్టింది, వెలుతురు రానివ్వండి అన్నాడు కెమెరామన్. డైరెక్టరు సరే అన్నాడు. మబ్బు పోయింది, హీరో ఇంకా వ్యాన్‌లోంచి దిగలేదు. దిగాక, నేను పరిగెత్తడమేమిటి, నడుస్తాను అన్నాడు. సరే. నడిస్తే నిన్న తీసిన దెబ్బలాటకు అతకదు, మధ్యలో ఒక దూకుడు పెట్టాలి అన్నాడు ఫైట్ మాస్టర్. సరే. మేనేజరు వచ్చి, ఆరు దాటితే అందరికీ బేటా డబుల్ అని చెవిలో చెప్పాడు. దానికీ సరే. నేను వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు చేతుల వేళ్ళు అయిపోయాక మానేశాను. అంత పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి నోటివెంట అన్నిసార్లు ఆ మాట రావడం నాకు వింతగా ఉండింది.

ఆయన చెడ్డవాడు కాడు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే ఈ కథ మీకు తప్పుగా అర్థమవుతుంది. షూటింగుకు ముందు రెండుసార్లు మా ఊరు వచ్చాడు. మా అరుగు మీద పడుకున్నాడు, మేము తాగిన జావే తాగాడు. పెళ్ళికి డోలు ఎలా మోగుతుంది, చావుకు ఎలా మోగుతుంది, రెంటికీ తేడా ఏమిటి అని మా మామను అడిగి నోటుబుక్కులో రాసుకున్నాడు. మా అమ్మ తమ్ముడే ఆ మామ. ఊళ్ళో డోలు ముందు మోగించేది ఆయనే. మా కొమ్ముల ఆట గురించి చదివే పిల్లలకు కొంత తెలిసే ఉంటుంది. మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని, డోలు మెడకు వేసుకుని ఆడతారు. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని రేల పాడుతూ తిరుగుతారు. ఇప్పుడు టూరిజం సభల్లో, మంత్రులు వచ్చినప్పుడు కూడా ఆడిస్తున్నారు కాబట్టి ఫొటోల్లో అందరూ చూశారు. ఆ కొమ్ములు మా తాతల తాతల నాటివి. అడవిదున్నను చంపడం నేరం, చంపకూడదు కూడా. కాబట్టి ఇళ్ళలో ఉన్నవే ఉన్నాయి. ఒక జత విరిగితే ఒక ఇంటి ఆట ఆగిపోయినట్టే.

ఆ కొమ్ములు సినిమాకు కావాలన్నాడు డైరెక్టరు. మీ పాట మీరెలా పాడతారో అలాగే తీస్తాను, రాత్రిపూట, నెగడు వెలుతురులో, డాన్స్ మాస్టర్ ఉండడు అన్నాడు. మామ చాలాసేపు పొగాకు నలుపుతూ కూర్చున్నాడు. తర్వాత మూడు మాటలు చెప్పాడు. కొమ్ములు మావాళ్ళ తలల మీదే ఉండాలి. నేలమీద పెట్టకూడదు. తాగి ఉన్నవాడు, తాగినట్టు ఆడేవాడు వాటిని ముట్టకూడదు. డైరెక్టరు నోటుబుక్కు మీద చెయ్యి వేసి, అలాగే అన్నాడు. ఆ మాట నేను కోయలో మామకు చెప్పాను. మాట ఇచ్చింది ఆయన. మామ చెవిన పడింది మాత్రం నా గొంతు.

పాట తీసే రోజు వచ్చింది. రాత్రి కాదు, పట్టపగలు. రెండు బస్సుల్లో నలభైమంది డాన్సర్లు దిగారు. వాళ్ళతో పాటు డాన్స్ మాస్టరు కూడా దిగాడు. పెట్టెల్లోంచి ఆకుల లంగాలు, ప్లాస్టిక్ పూసలు, కోడి ఈకలు తీశారు. మొహాలకు తెల్ల చుక్కలు పెట్టుకున్నారు. మా పిన్నికి కూడా ఒక ఆకుల లంగా ఇచ్చి, చీర విప్పి ఇది కట్టుకో అన్నారు. ఎండాకాలం ఎండుటాకులు కట్టుకుని అడవిలో తిరిగితే నిప్పంటుకుని చావనా అంది మా పిన్ని. అందరం నవ్వాం. అప్పటికి ఇంకా నవ్వొచ్చింది. కట్టుకోనన్నవాళ్ళను వెనక వరసలో, పొగ వేసే చోట నిలబెట్టారు.

మధ్యాహ్నానికి కొమ్ములు అడిగారు. మామ ఇచ్చాడు. అవి మా మేనబావ తల మీద పెడతారనుకుంటే హాస్యనటుడి తల మీద పెట్టారు. అతను తాగి తూలుతూ వచ్చి, డాన్సరమ్మాయి మీద పడబోయి, వాగులో బొక్కబోర్లా పడాలి. కొమ్ములు నీళ్ళలో తేలాలి. రిహార్సల్ మొదలైంది. నేను పరుగున డైరెక్టరు దగ్గరికి పోయాను. ఆయన నన్ను జనరేటర్ వ్యాన్ వెనక్కి తీసుకుపోయాడు. ఆ చప్పుడులో ఆయన మాట వినడానికి చెవి దగ్గర పెట్టవలసి వచ్చింది.

“నా చేతుల్లో లేదు తమ్ముడూ. హీరోగారి కాల్‌షీట్ రెండు రోజులే ఉంది. బయ్యర్లు కామెడీ కావాలన్నారు, పగటి పాట కావాలన్నారు. ప్రొడ్యూసర్‌గారు వడ్డీకి తెచ్చిన డబ్బు. నేను ఆపితే ఇంకొకణ్ణి పెట్టి తీస్తారు.”

“మరి మామకు ఏం చెప్పమంటారు సార్?”

ఆయన వ్యాన్ చక్రం వైపు చూశాడు. “ఏదో ఒకటి చెప్పు” అన్నాడు.

నేను ఏదో ఒకటి చెప్పేలోపే మామ వచ్చేశాడు. కేకలు వేయలేదు. అసిస్టెంట్లు ఇద్దరు అడ్డం రాబోయి, ఎందుకో పక్కకు జరిగారు. పసిపిల్లాడి తలమీది గంప దించినట్టు ఆ నటుడి తలమీంచి కొమ్ములు దించాడు. భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. డోలు కొడుక్కి ఇచ్చి, వెనక్కి చూడకుండా ఊళ్ళోకి నడిచాడు. ఆ నటుడు పాపం మంచివాడే, చేతులు జోడించాడు. ఒక గంట షూటింగు ఆగింది. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్ళు థర్మోకోల్‌తో కొమ్ములు చేసి, నల్లరంగు కొట్టి, కోడి ఈకలు గుచ్చారు. నాలుగు గంటలకల్లా ఆ ముక్క అయిపోయింది.

సినిమా భద్రాచలంలో చూశాను. ఆ చోట హాలంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న హాస్టల్ మిత్రుడు కూడా నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. పేర్లు పడేటప్పుడు అందరి పేర్లూ గుంపులు గుంపులుగా పోయాక, చివర్లో డైరెక్టరు పేరు ఒక్కటే తెర నిండా వచ్చింది. ఆ ఏడు విజ్జ పండుంలో, అంటే మా విత్తనాల పండగలో, మామ డోలు నాకు ఇవ్వలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా ముందునుంచి డోలు పక్కవాడికి అందించాడు.

ఆ మాట నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. నా చేతుల్లో లేదు అన్నది నిజమా, తప్పించుకోవడమా? తెర నిండా పేరు వేయించుకునే మనిషి చేతుల్లో ఏమీ లేకపోవడమేమిటి? బి.ఎడ్. చదివే రోజుల్లో సినిమాల మీద దొరికింది దొరికినట్టు చదివాను. అలా చదివినవాటిలో కొన్ని మీకూ పనికొస్తాయి.

మొదటిది చట్టం. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పుస్తకానికి కర్త రాసినవాడు, బొమ్మకు కర్త గీసినవాడు. సినిమాకు కర్త మాత్రం నిర్మాత. దర్శకుడు కాదు. ఈ చట్టాన్ని 2012లో సవరించారు. అంతకుముందు పార్లమెంటుకు వచ్చిన బిల్లులో దర్శకుణ్ణి కూడా కర్తగా చేర్చాలన్న ప్రతిపాదన ఉండింది. చివరికి దాన్ని తీసేశారు. అంటే తెర నిండా ఎవరి పేరైనా వేసుకోవచ్చు, కాగితం మీద సినిమా డబ్బు పెట్టినవాడిది. ఆ డబ్బు పెట్టినవాడు కూడా పూర్తి రాజేం కాడు. అతని వెనక వడ్డీవాడు, వడ్డీవాడి వెనక బయ్యరు, బయ్యరు వెనక హాలు కట్టినవాడు. తునికాకు కట్ట ధర కల్లంలో కూర్చున్న గుమస్తా చేతుల్లో ఉంటుందా? ఇదీ అలాంటిదే.

అమెరికాలోనూ అంతే. దర్శకుల సంఘం ఒప్పందం ప్రకారం సినిమాను మొదటిసారి కూర్చి చూపించే హక్కు దర్శకుడికి ఉంటుంది. ఆఖరి కత్తెర ఎవరిదన్నది మాత్రం ఒప్పందంలో రాసుకున్నదాన్ని బట్టి. చాలామందికి అది ఉండదు. ఇది నా సినిమా కాదు, నా పేరు తీసేయండి అని దర్శకుడు సంఘం ముందు గెలిస్తే, అతని పేరు బదులు అలన్ స్మితీ అన్న పేరు వేసేవారు. అలాంటి మనిషే లేడు. 1969లో వచ్చిన ఒక కౌబాయ్ సినిమాతో ఆ పేరు మొదలైంది. దాన్ని ఒకరు మొదలుపెట్టి మధ్యలో పోతే ఇంకొకరు పూర్తిచేశారు. ఇద్దరిలో ఎవరూ పేరు వేసుకోనన్నారు. లేని మనిషి పేరుతో ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు సినిమాలు వచ్చాయి.

మన వైపు దానికి తిరగేసిన కథ ఉంది. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. దర్శకుడు వి. రామచంద్రరావు సినిమా మధ్యలోనే చనిపోయారు. మిగిలిన భాగం హీరో, నిర్మాత అయిన కృష్ణే తీశారు. పోరాట సన్నివేశాలకు కె.ఎస్.ఆర్. దాస్ సాయపడ్డారు. తెరమీద దర్శకుడిగా పేరు మాత్రం రామచంద్రరావుదే ఉంచారు. గంటందొర, మల్లుదొరల కథ కూడా అందులో ఉంది కాబట్టి మన పల్లెల్లో ఆ సినిమా వేయని పండగ లేదు ఒకప్పుడు. చింతపల్లి అడవుల్లో తీశారు. ఎన్నోసార్లు చూశాను. ఎక్కడ ఒకరి చెయ్యి ఆగి ఇంకొకరి చెయ్యి మొదలైందో నాకు కనబడలేదు. అక్కడ పేరు అంటే గౌరవం. ఇక్కడ మా ఊళ్ళో తీసిన సినిమాలో పేరు అంటే ఏమిటో నాకు తేలలేదు.

మృణాల్ సేన్ సంగతి ఇంకా చిత్రం. 1977లో ‘ఒక ఊరి కథ’ను తెలుగులో తీశాడు. ఆయనకు తెలుగు రాదు. ప్రేమ్‌చంద్ కథ, బెంగాలీ దర్శకుడు, ముసలివాడి వేషం కన్నడ నటుడిది, కోడలి వేషం బెంగాలీ నటిది. మాట తన చేతుల్లో లేకుండా తీసిన సినిమా. అయినా ఆకలి అంటే ఏమిటో ఆ ముసలివాడి మొహంలో చూసినప్పుడు, ఇది ఆయన సినిమా కాదు అనలేం. ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో ఆయనకు తెలుసు అనిపిస్తుంది.

సత్యజిత్ రాయ్ దగ్గర నాకు ఇది ఇంకా బాగా అర్థమైంది. ‘పథేర్ పాంచాలి’లో అక్కాతమ్ముళ్ళు రెల్లుపూల మధ్య నడుస్తూ రైలు చూడటానికి పోతారు. ఒకరోజు కొంత తీసి, వారం తర్వాత మిగతాది తీద్దామని వెళితే పూలు లేవు. పశువులు మేసేశాయి. మళ్ళీ పూయడానికి ఏడాది పట్టింది. ఆయన ఆగాడు. డబ్బు లేక షూటింగు ఆగిపోతే పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు అమ్ముకున్నాడు, భార్య నగలు తాకట్టు పెట్టాడు. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చింది. ఆ డబ్బుతో పాటు సలహా కూడా వచ్చింది. కుటుంబం ఊరు వదిలి పోవడమేమిటి, ముగింపు మార్చు అని. ఆయన మార్చలేదు. 1955లో సినిమా వచ్చింది. ఆవుల మీద ఆయనకు అధికారం లేదు, డబ్బు మీద లేదు, వచ్చిన రాబడి మీద లేదు. ముగింపు మీద ఉంది, దాన్ని మాత్రం పట్టుకుని కూర్చున్నాడు.

అది చదివాక మా డైరెక్టరును మళ్ళీ తూచాను. హీరో కాల్‌షీటు నిజంగా ఆయన చేతుల్లో లేదు. పగటి పాట, బయ్యర్లు, ఆకుల లంగాలు కూడా లేవనే అనుకుందాం. కొమ్ములు అడగకుండా ఉండటం ఆయన చేతుల్లో ఉంది. థర్మోకోల్‌వి నాలుగు గంటలకల్లా తయారయ్యాయి కదా, పొద్దున్నే చేయించి ఉండవచ్చు. మామ దగ్గరికి తనే వచ్చి, పెద్దాయనా, నేను మాట నిలుపుకోలేకపోతున్నాను అనడం ఆయన చేతుల్లో ఉంది. దానికి కాల్‌షీటు అక్కరలేదు, బయ్యరు అనుమతి అక్కరలేదు. వంద గజాలు నడవాలి, అంతే. ఆ వంద గజాలు ఆయన నన్ను నడవమన్నాడు.

ఇక్కడితో ఈ వ్యాసం ఆపేస్తే నాకు హాయిగా ఉండేది. కానీ తర్వాత నేనూ ఒక సినిమా తీశాను.

ఇప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో టీచరుని. ఒక మిత్రుడు పెన్‌డ్రైవ్‌లో ‘అటనార్జువాట్’ అనే సినిమా ఇచ్చాడు. కెనడాలో మంచు సముద్రం పక్కన ఇగ్లూలిక్ అనే ఊరు ఉంది. అక్కడి ఇన్యుయిట్ ఆదివాసులు తమ భాషలోనే తీసుకున్న పెద్ద సినిమా అది. దర్శకుడు జకారియాస్ కునుక్ అదే జనంలోవాడు. రాళ్ళు చెక్కి బొమ్మలు చేసేవాడు. 1981లో తన బొమ్మలు అమ్మి వీడియో కెమెరా కొనుక్కున్నాడు. ఆ ఊరి సంగతి తెలిస్తే మన పిల్లలు ఆశ్చర్యపోతారు. మా భాషలో ఏమీ లేని టీవీ మాకొద్దని రెండుసార్లు ఓట్లు వేసి తిప్పికొట్టిన ఊరది. సినిమా రాయడానికి ముందు వాళ్ళు ఒకే పాత కథను చాలామంది ముసలివాళ్ళ చేత విడివిడిగా చెప్పించుకున్నారు. భాషను, బట్టలను, పనిముట్లను పెద్దవాళ్ళకు చూపించి సరిచేసుకున్నారు. కంపెనీ కూడా వాళ్ళదే. 2001లో కేన్స్‌లో మొదటి సినిమాకు ఇచ్చే కెమెరా డోర్ బహుమతి దానికి వచ్చింది.

అదే జనం మీద 1922లోనే తెల్లవాడు ఫ్లహర్టీ ‘నానూక్’ తీశాడు. అందులో వేటగాడు ఈటెతో వేటాడతాడు. నిజానికి అప్పటికే వాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి. మంచు ఇంట్లో కెమెరాకు వెలుతురు చాలదని సగం ఇల్లు కోసేసి, ఆ చలిలో వాళ్ళను పడుకున్నట్టు నటించమన్నాడు. చదివి కోపం తెచ్చుకున్నాను. ఆకుల లంగా గుర్తొచ్చింది. మన కథ మనమే తీయాలని తొమ్మిదో తరగతి పిల్లలతో చెప్పాను. వాళ్ళు ఆ సాయంత్రమే వెదురుబొంగులతో ఫోను నిలబెట్టే స్టాండు చేసుకొచ్చారు.

డోలు ఎలా తయారవుతుందన్నది మా సినిమా. చెట్టు చూడటం నుంచి, మొద్దు తొలవడం, తోలు బిగించడం, పండగలో మోగించడం దాకా. నిర్మాత లేడు, బయ్యరు లేడు, హీరో లేడు. ఇక అంతా నా చేతుల్లోనే ఉంటుందనుకున్నాను. మైకు పట్టుకునే పిల్లాడు సంతకు పోయాడు. ఫోను నిండిపోయి సరిగ్గా తోలు బిగించే దగ్గర ఆగింది. కోళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మామను, ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పు మామా అంటే, “ఇప్పుడే కదా చెప్పినాను, నీకు చెవుడా?” అన్నాడు. మామ ఒప్పుకోవడమే గొప్ప. అన్నేళ్ళ తర్వాత, పిల్లలు వచ్చి అడిగారు కాబట్టి ఒప్పుకున్నాడు.

మొదటిరోజు మామ మనవడి పసుపుపచ్చ క్రికెట్ బనీను వేసుకొచ్చాడు. వీపు మీద 7 నెంబరు. నాకు ప్రాణం ఉసూరుమంది. పిల్లల్ని అటు పంపి, మామా, అది విప్పి గోచి పెట్టుకుని తలగుడ్డ చుట్టుకో అన్నాను. మామ ఉలి కింద పెట్టాడు.

“ఆ సినిమాయన మీ పిన్నిని చీర విప్పమన్నాడు. నువ్వు నన్ను బనీను విప్పమంటున్నావు. ఏంది అల్లుడా తేడా?”

“వాళ్ళది అబద్ధం మామా. మనవాళ్ళు ఎప్పుడూ ఆకులు కట్టుకుని ఆడలేదు. గోచి అయితే మన తాతలు పెట్టుకున్నదే కదా.”

“మరి నేను ఈ బనీను వేసుకుని డోలు చేస్తే అది అబద్ధమా?”

నేను ఫ్లహర్టీ మీద కోపం తెచ్చుకుని పట్టుమని నెల కాలేదు. బనీనుతోనే తీశాం. ఇప్పుడు చూస్తే ఆ పసుపు రంగే బాగుంది, తోలు మీద మామ చేతులు ఆడుతుంటే కళ్ళు అటే పోతాయి. ఇది నా గొప్ప కాదు. నేను వద్దన్నదే నా సినిమాలో మంచిదిగా మిగిలింది.

అసలు చిక్కు చివర్లో వచ్చింది. పండగ రోజు తెల్లవారుజామున వేల్పు ముందు జరిగే తంతు నేనే తీశాను. పొగ, చీకటి, మధ్యలో మామ మొహం, కొత్త డోలు మీద పడ్డ మొదటి దెబ్బ. రెండు నిమిషాల లోపే. నా జీవితంలో నేను తీసినవాటిలో అంత మంచిది లేదు, ఇక ఉంటుందో లేదో తెలియదు. అది ముగింపుగా పెట్టి, పద్దెనిమిది నిమిషాల సినిమాగా కూర్చాను. ఇగ్లూలిక్ వాళ్ళ మాదిరి పెద్దవాళ్ళకు చూపిద్దామని మామను, ఇంకో ముగ్గురిని స్టాఫ్‌రూముకు పిలిచి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. నవ్వుకుంటూ చూశారు. ఆఖరి ముక్క దగ్గర నవ్వు ఆగింది.

అది తీసేయ్ అన్నాడు మామ. మిగతావాళ్ళు తల ఊపారు.

“తీసేటప్పుడు ఆపలేదు కదా మామా” అన్నాను.

“నువ్వు చూస్తున్నావనుకున్నాం. ఆ పెట్టె చూస్తున్నదనుకోలేదు. అది మా ఇళ్ళలో ఆడపిల్లలకు, కోడళ్ళకు కూడా చూపించేది కాదు. ఎవరెవరో చూడటానికి కాదు.”

ఆడపిల్లలకు చూపించకపోవడం సరైనదా అని మీలో కొందరు అడుగుతారు. మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు అడిగారు కూడా. నా దగ్గర జవాబు లేదు. ఆరోజు స్టాఫ్‌రూములో అది వాదించే ధైర్యమూ నాకు లేదు. నా మనసంతా ఆ రెండు నిమిషాల మీదే ఉంది. ఎవరూ ఆపలేని ఆఖరి కత్తెర నా చేతుల్లో ఉంది. జిల్లా స్థాయి పోటీకి పంపే గడువు మర్నాడే. నా నోట్లోకి ఒక వాక్యం వచ్చేసింది. పోటీవాళ్ళకు పంపేశాను మామా, ఇప్పుడు నా చేతుల్లో లేదు. అబద్ధమే. కానీ ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఎన్నో ఏళ్ళుగా నా లోపల తయారుగా ఉన్నట్టు వచ్చింది. జనరేటర్ చప్పుడు కూడా వినిపించింది.

ఆ మాట బయటికి రాకముందే మామ లేచి నిలబడ్డాడు, అది వద్దు అని ఇంకోసారి అన్నాడు. సరే అన్నాను. వాళ్ళ ముందే తీసేశాను. సినిమా డోలుకు తోలు బిగించి, మామ వేలితో మీటి చూసే చోట అయిపోతుంది. పోటీలో ఏమీ రాలేదు. ముగింపు అసంపూర్తిగా ఉందన్నారు. పండగ దాకా చూపించి ఉంటే బాగుండేదట. ఆ ఏడు విజ్జ పండుంలో మామ డోలు నా మెడలో వేశాడు. చేయి అలవాటు తప్పింది, తాళం తప్పాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఒక సంగతి మిగిలింది. లాప్‌టాప్‌లో తీసేసే ముందురోజే ఆ రెండు నిమిషాలు పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకున్నాను. అప్పుడు అది ఉత్త అలవాటు కొద్దీ చేసిందే. తర్వాత చెరిపేద్దామని చాలాసార్లు అనుకున్నాను. అది ఇంకా నా టేబుల్ సొరుగులో సుద్దముక్కల డబ్బా పక్కన ఉంది. మామకు చెప్పలేదు. ఆయన మనవరాలు మా బడిలోనే పదో తరగతి చదువుతోంది. ఈ పుస్తకం అచ్చయి వచ్చాక తాతకు చదివి వినిపిస్తుంది.